స్కూల్ నర్సు అంటే ఉత్త బ్యాండ్ ఎయిడ్ ఆంటీయేనా?

మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్ పేరెంట్స్ గ్రూపులో వారం నుంచి ఒకటే మెసేజ్ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటుంది. స్కూల్లో నర్సు అనేది ఫీజు పెంచడానికి సాకట, ఆవిడ చేసేదల్లా బ్యాండ్ ఎయిడ్ వేయడం, బిళ్ళ ఇచ్చే ముందు కూడా ఇంటికి ఫోన్ చేసి విసిగించడం, కాస్త ట్రైనింగ్ ఇస్తే ఆ మాత్రం టీచరమ్మ చూసుకోలేదా, పెద్దదేమైనా అయితే 108 ఉంది, ఏడాదికోసారి హెల్త్ క్యాంప్ ఎలాగూ ఉంది. కింద "పది గ్రూపులకు పంపండి" అని ఒకటి. ఆరేళ్ళు ఒక ప్రైవేటు స్కూల్లో నర్సుగా చేసినదాన్ని, చూసీచూడనట్టు ఊరుకుందామనుకున్నా. మా ఆడపడుచు కూడా నాకే ఫార్వర్డ్ చేసేసరికి ఇక ఆగలేకపోయాను.

బ్యాండ్ ఎయిడ్ సంగతే ముందు చూద్దాం. అవును, వేస్తాం, గ్రౌండులో పడి మోకాళ్ళు చెక్కుకున్న పిల్లలే సగం మంది వస్తారు. కానీ వచ్చిన ప్రతి పిల్ల పేరు, క్లాసు, టైమ్, ఏమని వచ్చింది, అన్నీ రిజిస్టర్లో రాస్తాం, అసలు పని అక్కడుంది. ఒక ఏడాది ఏడో తరగతి ఆడపిల్లలు ఒకరి తర్వాత ఒకరు పొత్తికడుపు నొప్పి, ఒంటికి వెళ్తే మంట అని రావడం మొదలుపెట్టారు. విడివిడిగా చూస్తే మామూలే. రిజిస్టర్ వెనక్కి తిప్పితే అందరూ రెండో అంతస్తు వాళ్ళే! మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి చూస్తే వాటర్ బాటిళ్ళు పొద్దున అమ్మలు నింపినవి నింపినట్టే ఉన్నాయి. ఎంత అడిగినా చెప్పరు, చివరికి ఒక పిల్ల నా చెవిలో "బాత్రూమ్ తలుపుకు గొళ్ళెం ఊడిపోయింది మేడం" అంది. నీళ్ళు తాగితే వెళ్ళాల్సొస్తుందని తాగడమే మానేశారన్నమాట. ఆ గొళ్ళెం కోసం ఆఫీసు చుట్టూ పదకొండు రోజులు తిరిగాను. దాని ఖరీదు అరవై రూపాయలు.

ఇక ఫోన్లు. పిల్లలకు పారాసిటమాల్ బరువును బట్టి ఇస్తారు, కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, డోసుకూ డోసుకూ మధ్య కనీసం 4 గంటలు. ఒళ్ళు కాలుతున్న పిల్లకు ఎనిమిదింటికి సిరప్ పట్టేసి, ఆ ముక్క ఎవరికీ చెప్పకుండా బస్సెక్కించే తల్లులు ఎంతమందో (లీవు దొరక్క నేనూ ఒకసారి మా పిల్లకు చేశాను, దాచడం దేనికి). పదింటికి టీచరు జాలిపడి ఇంకో డోసు వేస్తే? అందుకే ఫోన్ చేస్తాం. విసుక్కున్నా చేస్తాం.

"టీచర్లకు ట్రైనింగ్ ఇస్తే చాలు" అన్నది సగం నిజం. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద మొదలైన స్కూల్ హెల్త్ ప్రోగ్రామ్‌లో బడికి ఇద్దరు టీచర్లకు శిక్షణ పెట్టారు, మంచి పనే, కానీ అది పిల్లలకు ఆరోగ్య పాఠాలు చెప్పడానికి. నలభై మందిని వదిలేసి ఒక్కరి పక్కన ఆ టీచరు ఎంతసేపు కూర్చుంటుంది? ఫిట్స్ వచ్చిన పిల్లాడి చేతిలో తాళాల గుత్తి పెట్టి, నోట్లో చెంచా దూర్చబోయిన ఎమ్మెస్సీ బీఎడ్ సారుని ఈ కళ్ళతో చూశాను. నోట్లో ఏదీ పెట్టకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టి వాచీ చూసుకోవాలి, 5 నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాలి.

108ని నేనేమీ అనను. 2005లో మన హైదరాబాద్‌లోనే మొదలైంది, ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో. కానీ సాయంత్రం జేఎన్‌టీయూ దగ్గర ట్రాఫిక్ ఎలా ఉంటుందో మీకు తెలీదా? టైప్ 1 షుగర్ ఉన్న పిల్లాడికి షుగర్ 70 కంటే కిందికి పడితే, స్పృహలో ఉండగానే 15 గ్రాముల గ్లూకోజ్ తాగించి, 15 నిమిషాలకు మళ్ళీ చెక్ చేయాలి. అంబులెన్స్ వచ్చేలోపు అయిపోవాల్సిన పని అది. ఆయాసం వచ్చే పిల్లలదీ అంతే. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని ఇంట్లో దాచేసి, "మృగశిర కార్తెకి నాంపల్లిలో చేప మందు వేయించాం, తగ్గిపోయింది" అంటారు. మీ నమ్మకం జోలికి నేను రాను, ఇన్‌హేలర్ బ్యాగులో పెట్టి పంపండి చాలు.

క్యాంప్ గురించి రెండు ముక్కలు. ప్రభుత్వ బడుల్లో 2013 నుంచి ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం కేంద్రం పెట్టిన పథకం) టీములు ఏడాదికోసారి వచ్చి పిల్లలను చూసి వెళ్తున్నాయి. ఆ రోజు కంటి లోపం బయటపడుతుంది సరే, కొన్న కళ్ళద్దాలు మొహం మీద ఉన్నాయా బ్యాగులో ఉన్నాయా అని నెల తర్వాత ఎవరు చూస్తారు? అమ్మవారు పోసిన పిల్లాడు పొక్కులన్నీ పెచ్చు కట్టకముందే క్లాసులో కూర్చుంటే, 2023 వానాకాలంలో వచ్చినట్టు కళ్ళ కలక వరసగా అంటుకుంటుంటే, అవి క్యాంప్ డేట్ చూసుకుని వస్తాయా?

ఆ మెసేజ్‌లో ఒక్క విషయంలో మాత్రం నాకూ అనుమానమే. కొన్ని స్కూళ్ళు ఆయమ్మకు తెల్లకోటు తొడిగి నర్సని చెప్పుకుంటాయి, ఫీజు మాత్రం గుంజుతాయి. కాబట్టి అడగండి, జీఎన్‌ఎమ్ (నర్సింగ్ డిప్లొమా) చదివిందా, బీఎస్సీ నర్సింగా, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా అని. లేదంటే ప్రిన్సిపాల్‌ని నిలదీయండి, నేనూ వస్తాను. వచ్చేటప్పుడు జూన్‌లో ఇచ్చిన ఆరోగ్య వివరాల ఫారం కూడా పట్టుకురండి, అదే, మనందరం అడ్డంగా గీత గీసి "నిల్" అని రాసిచ్చేది.