పగడపు దిబ్బ పనిని కొలిచేదెలా?

పగడపు దిబ్బల మీద వచ్చే నివేదికల్లో ముందు కంటబడేది ఒక శాతం. సముద్రపు నేలలో సజీవ పగడాలు కప్పిన భాగం ఎంతో చెప్పే అంకె అది. గజ ఈతగాళ్లు టేపు పరిచి, ఫొటోలు తీసి లెక్కగడతారు. పద్ధతి సులువు, కాదనను. కానీ హాజరుపట్టీ చూసి పని ఎంత జరిగిందో చెప్పగలమా? వేడికి తెల్లబడిన పగడం వెంటనే చనిపోదు కాబట్టి కొన్నాళ్లపాటు ఆ శాతం కదలదు. కణాల్లో ఉండి తిండి చేసిపెట్టే సూక్ష్మ శైవలాలు (కంటికి కనిపించని నాచు) పోవడంతో దాని తిండి, ఎదుగుదల మాత్రం అప్పటికే కుంటుపడి ఉంటాయి.

దిబ్బ పని, అంటే తిండి తయారీ, శ్వాస, సున్నం కట్టడం ఎంతో తెలియాలంటే దాని మీదుగా పారే నీటిని పరీక్షించాలి. 1954లో పర్యావరణ శాస్త్రవేత్తలు ఓడమ్ సోదరులు పసిఫిక్‌లోని ఎనివెటాక్ వద్ద చేసింది అదే. దిబ్బకు ఎగువన, దిగువన ఆక్సిజన్ కొలిచారు. పగటి పెరుగుదలలో కిరణజన్య సంయోగక్రియ, రాత్రి తరుగుదలలో శ్వాసక్రియ పట్టుబడ్డాయి. రెండూ దాదాపు సరిపోయాయి. దిబ్బ సంపాదన దిబ్బ ఖర్చుకే చెల్లు!

సున్నం లెక్క ఇంకా ముచ్చటైనది. పగడాలు తమ గూడు కట్టుకునేది కాల్షియం కార్బొనేట్ అనే సున్నంతోనే. ఒక మోల్ కాల్షియం కార్బొనేట్ ఏర్పడితే నీటి క్షారత, అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, రెండు మోల్‌ల మేర పడిపోతుంది. 2014లో గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లోని వన్ ట్రీ దీవి వద్ద పారే నీటికి సోడియం హైడ్రాక్సైడ్‌ను, ఒక రంగును కలిపారు. రంగు జోలికి పగడాలు పోవు, క్షారతను వాడుకుంటాయి. దిబ్బ దాటిన నీటిలో ఈ రెండింటి నిష్పత్తి ఎంత మారిందో చూస్తే అదనంగా కట్టిన సున్నం తేలిపోతుంది. నీటి రసాయన స్థితిని పారిశ్రామిక యుగానికి ముందున్న దానికి దగ్గరగా తెస్తే సున్నం కట్టడం సుమారు 7 శాతం పెరిగిందని 2016లో ప్రకటించారు.

పరికరాలకూ వాటి తంటాలు ఉన్నాయి. కొలతల కోసం పగడాల మీద పారదర్శక గోపురం బోర్లిస్తే లోపల ప్రవాహం ఆగుతుంది, ఆక్సిజన్ పేరుకుంటుంది. మోటారుతో నీటిని కలిపినా అది అలలకు సాటి రాదు. 2003లో పీటర్ బెర్గ్ బృందం ప్రతిపాదించిన ఎడ్డీ కోవేరియన్స్ పద్ధతిలో సెన్సర్లు దిబ్బను తాకకుండానే నీటి నిలువు కదలికను, ఆక్సిజన్‌ను సెకనుకు అనేకసార్లు కొలుస్తాయి. అయితే వచ్చేది చుట్టుపక్కల నేలంతటి సగటు. అందులో పగడం వాటా ఎంత, నాచు వాటా ఎంత అన్నది తేలదు.

అందుకే ఆక్సిజన్ అంకె ఒక్కదాన్నీ నేను నమ్మను. నాచు కమ్ముకున్న దిబ్బ కూడా ఆ లెక్కలో భేషుగ్గా కనిపించవచ్చు. మామూలు నాచు పగడంలా సున్నం కట్టదు కాబట్టి, క్షారత కొలిచినప్పుడు దాని గుట్టు బయటపడుతుంది.