మూడు లైన్ల పని

వేరే డొమైన్‌లో ఉన్న పేజీలోంచి ఒక పట్టిక తెచ్చి మన పేజీలోని డివ్‌లో, అంటే ఒక పెట్టెలో, పెట్టాలి. అంతే. అడ్రసు ఇస్తే డేటా తెచ్చే జావాస్క్రిప్ట్ ఫెచ్‌తో మూడు లైన్లు. "సాయంత్రానికి చూపిస్తా" అని డెవలపర్ మాటిచ్చేశాడు. రిఫ్రెష్ కొట్టాడు. డివ్ ఖాళీ, బ్రౌజర్ తప్పులు చూపించే కన్సోల్ నిండా ఎరుపు. కోర్స్ (CORS) ఎర్రర్: వేరే సైటు జవాబుని, ఆ సైటు అనుమతి లేనిదే స్క్రిప్టుకి ఇవ్వనని బ్రౌజర్ మొండికేసింది.

మొదట రిక్వెస్టులు పంపి చూసే పోస్ట్‌మ్యాన్ అనే టూల్ తెరుస్తాడు. అక్కడ అదే అడ్రసుకి 200, అంటే 'సరే' అన్న జవాబు, వస్తుంది. ఇంకేం, తప్పంతా బ్రౌజర్‌దేనని తీర్పు. ఒక రకంగా నిజమే, ఈ కాపలా బ్రౌజర్ మాత్రమే కాస్తుంది. 1995లో నెట్‌స్కేప్ బ్రౌజర్ మొదలుపెట్టిన నియమం ఇది. మీరు బ్యాంకు సైటులో లాగిన్ అయి ఉండగా, పక్క ట్యాబులోని ఏదో పేజీ మీ కుకీలతో మీ ఖాతా వివరాలు తెచ్చుకుని చదివేయకూడదు కదా. పోస్ట్‌మ్యాన్‌కి ఆ గొడవ లేదు. ఉడికించే విషయం ఏమిటంటే, మామూలు గెట్ (డేటా అడిగే) రిక్వెస్ట్ అవతలి సర్వర్‌కి వెళ్తుంది, జవాబూ వస్తుంది. నెట్‌వర్క్ ట్యాబులో 200 అని కనిపిస్తుంది కూడా. బ్రౌజర్ దాన్ని దగ్గర పెట్టుకుని స్క్రిప్టుకి మాత్రం ఇవ్వదు.

తర్వాత ఎవరో చెప్పిన చిట్కా: ఫెచ్ మోడ్‌ని 'నో-కోర్స్' చెయ్యి. చేశాడు. ఎరుపు పోయింది! జవాబు తెరిచి చూస్తే స్టేటస్ 0, లోపల శూన్యం. ఆ మోడ్‌కి అర్థమే "జవాబు చదవనులే, పంపితే చాలు" అని. చదవడానికే వచ్చినవాడు దాన్ని వాడటం ఏమిటో!

ఆపై 'ఫలానా సైటు చదవొచ్చు' అని చెప్పే 'యాక్సెస్-కంట్రోల్-అలౌ-ఆరిజిన్' హెడర్‌ని, అంటే సందేశం పైన అంటించే చీటీని, తన రిక్వెస్టులోనే పెడతాడు. సెలవు చీటీ మీద మంజూరు సంతకం కూడా తానే చేసుకోవడం లాంటిది. అది అవతలి సర్వర్ జవాబులో రావలసిన హెడర్. పైగా ఈ అదనపు హెడర్ చూసి బ్రౌజర్ ముందు ఆప్షన్స్ రిక్వెస్ట్ పంపి అనుమతి అడుగుతుంది. అవతల దానికి 405, అంటే 'ఈ రకం రిక్వెస్ట్ ఒప్పుకోం', అంటారు. ఇప్పుడు అసలు రిక్వెస్ట్ గడప కూడా దాటదు.

చివరికి కోర్స్‌ని పక్కకు నెట్టే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ దొరుకుతుంది. పట్టిక ప్రత్యక్షం! సాయంత్రం మేనేజర్ ల్యాప్‌టాప్‌లో డెమో. ఆ ల్యాప్‌టాప్‌లో ఎక్స్‌టెన్షన్ లేదు.

అవతలి సర్వర్ మన చేతిలో ఉంటే, జవాబులో మన ఆరిజిన్ (మన పేజీ వచ్చిన చోటు) పేరుతో ఆ హెడర్ ఇస్తే చాలు. స్కీమ్ (http లేదా https), హోస్ట్ (డొమైన్ పేరు), పోర్ట్ నంబరు మూడూ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. చివర ఒక్క స్లాష్ ఎక్కువైనా కుదరదు. కుకీలు పంపుతుంటే 'ఎవరైనా చదవొచ్చు' అనే నక్షత్రం గుర్తు (*) చెల్లదు. అప్లికేషన్ ఒకటి, దాని ముందుండే వెబ్ సర్వర్ ఎన్‌జిన్ఎక్స్ ఒకటి చొప్పున రెండుసార్లు అదే హెడర్ పెట్టినా బ్రౌజర్ ఒప్పుకోదు. ఇంకో మాయ: ఎన్‌జిన్ఎక్స్‌లో హెడర్ పెట్టే యాడ్-హెడర్ ఆదేశం చివర 'ఆల్వేస్' లేకపోతే 500 (సర్వర్‌లోనే తప్పు) వచ్చినప్పుడు ఆ హెడర్ రాదు. అసలు జబ్బు డేటాబేస్‌ది, కన్సోల్ తిట్టేది కోర్స్‌ని. సగం రాత్రిళ్లు దీనికే పోతాయి.

సర్వర్ మనది కాకపోతే, ముందు వాళ్ల నిబంధనలు చదివి, మన సర్వర్‌లో, మన తరఫున వెళ్లి తెచ్చే చిన్న ప్రాక్సీ రాసుకోవాలి. సర్వర్ నుంచి సర్వర్‌కి కోర్స్ అడ్డు లేదు. అడ్రసు మాత్రం ప్రాక్సీలోనే స్థిరంగా రాయాలి. "ఏ అడ్రసు ఇచ్చినా తెచ్చిపెడతా" అని వదిలేస్తే, ఎవడో ఒకడు మన లోపలి నెట్‌వర్క్ అడ్రసులే ఇచ్చి తెప్పించుకుంటాడు. తెచ్చిన హెచ్‌టీఎంఎల్‌ని, పేజీలోకి ఉన్నదున్నట్టు దించేసే ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌లో కుమ్మరించకూడదు. స్క్రిప్ట్ ట్యాగులు అందులో నడవవు గానీ, ఇమేజ్ ట్యాగులోని ఆన్-ఎర్రర్, అంటే బొమ్మ రాకపోతే నడిచే కోడ్, చక్కగా నడుస్తుంది. హెచ్‌టీఎంఎల్‌ని భాగాలుగా చదివే డోమ్-పార్సర్‌తో విడదీసి, పట్టికలోని గళ్ల టెక్స్ట్ మాత్రమే తీసుకోవాలి.

అలా విడదీసి చూస్తే పట్టికే లేదు. అవతలి పేజీ కూడా దాన్ని జావాస్క్రిప్ట్‌తోనే గీస్తోంది. ప్రాక్సీ స్క్రిప్టులు నడపదు. ఆ పేజీ తెరిచి నెట్‌వర్క్ ట్యాబు వెతికితే జేసన్ రూపంలో డేటా వస్తున్న అసలు అడ్రసు దొరికింది. అది ఇంకో డొమైన్‌లో ఉంది. ప్రాక్సీలో అడ్రసు మార్చాలి.