టైరు కింద నలిగే నాలుగు నిమ్మకాయలకు బహిరంగ లేఖ

అలిపిరి, తిరుపతి

అల్పాయుష్కులైన నిమ్మకాయలకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే మీ కుశలం ఇంకో రెండు నిమిషాలే. అందుకని నేరుగా విషయానికొస్తున్నాం.

బానెట్ మీద పసుపు కుంకుమ, స్టీరింగుకు పూలదండ, బంపర్ ముందు కొబ్బరికాయ. ఫోన్లన్నీ అటే తిరిగి ఉంటాయి. మిమ్మల్ని మాత్రం ఎవరో ఒంగి, టైరు కిందికి ఒక తోపు తోసి, చేతులు దులుపుకుని పోతారు. మళ్లీ మీ మొహం చూసేవాడు లేడు. కానీ ఆ బండి సంగతి పూర్తిగా తెలిసేది మీకే. నాలుగు వందల గుర్రాలున్నాయని (హార్స్‌పవర్ లెండి) సెంటర్లో చెప్పుకునే కారు భూమికి ఆనేది మీరు పడుకున్న ఆ నాలుగు చోట్లే.

ఆ చోటు ఎంతో మీకు తెలుసు, ఓనరుకు తెలీదు. కారు 1,600 కిలోలు అనుకుందాం, చక్రానికి 400. టైరులో గాలి 33 పీఎస్‌ఐ, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.3 కిలోలు. భాగిస్తే 170 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు. 225 టైరుకైతే 20 సెంటీమీటర్ల వెడల్పు, ఎనిమిదిన్నర సెంటీమీటర్ల పొడవు. వేళ్లు చాపిన అరచెయ్యి, అంతే. ఇంజను బలం పెంచాలని రీమ్యాప్, ఇన్‌టేక్, డౌన్‌పైప్, ఊరంతా నిద్రలేపే ఎగ్జాస్ట్, ఇన్నిటికీ లక్షలు పెట్టిన మనిషి ఆ అరచెయ్యి దగ్గరికి వచ్చేసరికి "టైర్లలో ఇంకా గీతలుండాయి కదన్నా, ఇంకో ఏడాది లాగిస్తాలే" అంటాడు.

సరే, ఇంజను వైపు లెక్క కూడా వినండి. 400 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే ఇంజను తిప్పే బలం. ఫస్ట్ గేరు, చక్రాలకు ముందుండే చివరి గేరు (ఫైనల్ డ్రైవ్) కలిపి దాన్ని 12 రెట్లు చేస్తాయి. దారిలో 15 శాతం పోయినా చక్రాల దగ్గర నాలుగు వేల పైన మిగుల్తుంది. టైరు వ్యాసార్థం 0.32 మీటర్లు కాబట్టి రోడ్డును వెనక్కి నెట్టే బలం దాదాపు 1,300 కిలోలు. ఇప్పుడు జమ వైపు చూద్దాం. వెనక చక్రాలతో నడిచే కారైతే వెనక ఇరుసు మీద 800 కిలోలు, బండి దూకినప్పుడు ముందు నుంచి వెనక్కి జరిగే బరువు ఇంకో 150. ఎండిన తారు మీద మంచి టైరు తన మీది బరువులో 90 శాతం పట్టుకుంటుందనుకుంటే 855 కిలోలు. మిగతా 445 కిలోలు ఎటు పోతాయి? పొగలోకి. ఆ పొగనే వీడియో తీసి పవర్ అంటారు. నిజానికి అది రోడ్డుకు చేరని పవర్‌కు రసీదు.

ముందు చక్రాలతో నడిచే కార్లది ఇంకా పాడు జాతకం. వాహన సేవలో పల్లకీ మోసేవాళ్లను అడగండి, ముందువాళ్లు కాస్త పైకెత్తితే బరువంతా వెనకవాళ్ల భుజాల మీదికి వస్తుంది. ఈ కార్లలో లాగాల్సిన చక్రాలు ముందుంటాయి, బరువేమో సరిగ్గా లాగేటప్పుడే వెనక్కి పోతుంది. అదే 1,600 కిలోల బండిలో ముందు 960 ఉన్నా, దూకుడులో 140 జారిపోయి, చివరికి దొరికే పట్టు 740 కిలోలు. వీటికి స్టేజ్ 2 అని ఇంజను బలం ఇంకా పెంచించి "ఫస్ట్‌లో ఏం లాగడం లేదు బ్రో" అని ట్యూనర్ మీద అలుగుతారు. లాగకపోవడం ఇంజను తప్పు కాదు నాయనా.

మందు ఉంది. బూస్ట్‌ను, అంటే టర్బో ఇంజనులోకి తోసే గాలి ఒత్తిడిని, గేరు వారీగా కట్టెయ్యమని ట్యూనర్‌ను అడగాలి. ఫస్ట్‌లో ఫ్యాక్టరీ టార్కే ఉంచి, సెకండ్‌లో కొంచెం వదిలి, థర్డ్ నుంచి మొత్తం ఇవ్వడం. ఫస్ట్ గేరులో ఎక్కువిచ్చినా అది టైరు షాపువాడికే లాభం. కానీ కాగితం మీద అంకె తగ్గినట్టు కనిపిస్తుందని దీన్ని ఎవరూ అడగరు.

ఇక టైరు జారడం గురించి. కొద్దిగా జారితేనే రబ్బరు పట్టుకుంటుంది. కారు వేగం కంటే చక్రం ఓ 10, 15 శాతం ఎక్కువ తిరిగేటప్పుడు పట్టు శిఖరం మీద ఉంటుంది. అది దాటి గిరగిరా తిరిగితే పట్టు పడిపోతుంది, రబ్బరు వేడెక్కి జిడ్డు తేలుతుంది. అంటే కీచుమని సన్నగా మూలిగే టైరు పని చేస్తోంది, అరిచే టైరు మానేసింది. అరుపు వినగానే పెడల్ పూర్తిగా వదిలితే బరువు ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. వెనక చక్రాల బండి మలుపులో ఉంటే తోక తిప్పేది అప్పుడే. పాదం ఒక వేలి మందం వెనక్కి తీస్తే చాలు.

గాలి దగ్గరికి వద్దాం, ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే. ఎక్కడో డ్రాగ్ స్ట్రిప్‌లో (తిన్నటి రేసు దారిలో) 18 పీఎస్‌ఐ పెడతారని విని వెనక టైర్లలో గాలి తీసేస్తారు. ఆ అంకె మెత్తటి పక్కగోడలున్న డ్రాగ్ రేడియల్ అనే రేసు టైరుది. మామూలు రోడ్డు టైరులో 18 పెడితే నడిమధ్య రోడ్డు నుంచి లేచి, అంచులు రెండే బరువు మోస్తాయి. పట్టు పెరగదు సరికదా, ఆ గాలితోనే చెన్నై హైవే ఎక్కితే పక్కగోడ మడతపడి మడతపడి వేడెక్కి పేలుతుంది. డ్రైవరు తలుపు పక్కన అంటించిన చీటీలో కంపెనీ రాసిన అంకె దగ్గరే మొదలుపెట్టండి. పొద్దున్నే, బండి కదలకముందు, సొంత గేజితో. బంకులో గేజి 3 పీఎస్‌ఐ అటూ ఇటూ చెప్పినా ఎవరూ అడగరు. వాతావరణం ఐదారు డిగ్రీలు మారితే ఒక పీఎస్‌ఐ మారుతుంది. మే నెల మధ్యాహ్నం రేణిగుంట రోడ్డులో తిరిగొచ్చాక గేజి 37 చూపిస్తే అది ఎక్కువ గాలి కాదు, వేడి గాలి. దాన్ని వదిలి 33 చేస్తే తెల్లారేసరికి 29 మిగుల్తుంది. సరిపోయిందో లేదో తెలియాలంటే టైరు అడ్డంగా సుద్దముక్కతో గీత గీసి, చదునైన చోట పది అడుగులు నడిపి చూడండి. గీత మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లోనే చెరిగితే తక్కువ. రెండు రూపాయల పరీక్ష, అందుకే ఎవరికీ నచ్చదు.

రబ్బరు వయసు కూడా చూడాలి. పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 1418 అంటే 2018లో 14వ వారం. గీతలు ఎంత లోతుగా ఉన్నా అప్పటి రబ్బరు ఈ ఎండలకు అప్పడం అయిపోయుంటుంది. కొన్ని టైర్ల మీద ట్రెడ్‌వేర్ (అరుగుదల) అంకె వేస్తారు. 500 అంటే చాలాకాలం అరగనిది, 200 అంటే త్వరగా అరిగిపోయి బాగా పట్టుకునేది. మైలేజీ కావాలి, పట్టూ కావాలి అంటే రెండూ ఒకే టైరు ఇవ్వదు. వెడల్పు టైరు వేస్తే ఆనే చోటు పెరుగుతుందన్నది కూడా సగం నిజమే. బరువూ గాలీ మారకపోతే వైశాల్యం దాదాపు అంతే, ఆకారమే అడ్డంగా సాగుతుంది. లాభం వచ్చేది మెత్తటి రబ్బరు నుంచి, వేడి తట్టుకునే శక్తి నుంచి. సత్యవేడు దగ్గర చిన్నపాండూరులో అపోలో వాళ్లు 2020 నుంచి టైర్లు చేస్తున్నారు. ఇంటి పక్కన టైర్ల ఫ్యాక్టరీ పెట్టుకుని నాలుగంకెలు చదవడం రాదంటే ఎట్లా?

పూజకు ముందు వాటర్ వాష్ చేయించినప్పుడు ఒక ఘనకార్యం జరుగుతుంది. నిగనిగలాడాలని టైరు పాలిష్ కొడతారు. పక్కగోడకు కొట్టాల్సింది, ఉత్సాహం కొద్దీ రోడ్డుకు ఆనే వైపు కూడా పూస్తారు. సిలికాన్ జిడ్డు అది. దాని మీద మీ రసం, కొబ్బరినీళ్లు, నూనె చుక్కలు. తర్వాత గేటు దాటగానే ఫుల్ థ్రాటిల్. కారు అడ్డం తిరిగితే దిష్టి అంటారు. దిష్టి కాదు, పాలిష్.

రోడ్డు మాత్రం తక్కువ తిన్నదా? జూన్, జూలైలో చిత్తూరు చుట్టుపక్కల పల్ప్ ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు తారు మీద కారే రసం, గ్రానైట్ లారీల పొడి, వానాకాలం తొలి జల్లుకు తేలే నెలల నాటి నూనె. ఇలాంటి చోట పట్టు సగానికి పడిపోతుంది. మన వీరుడు సరిగ్గా అప్పుడే కారు బొమ్మ కింద వంకర గీతలున్న ఆ బటన్ నొక్కి ట్రాక్షన్ కంట్రోల్ ఆపేస్తాడు, "అది పవర్ తినేస్తుందన్నా" అని. అది తినేది పనికిరాని పవర్నే. జారే చక్రానికి బ్రేకు వేసి, ఇంజనుకు కళ్లెం వేస్తుంది. దాన్ని ఆపాల్సింది ఇసుకలోనో బురదలోనో బండి దిగబడినప్పుడు, బయటపడగానే మళ్లీ వెయ్యాలి.

ఒక్క చక్రమే నల్లగీత గీస్తే అది ఓపెన్ డిఫరెన్షియల్, అంటే రెండు చక్రాలకూ బలం పంచే మామూలు గేర్ల పెట్టె. రెండు పక్కలా సమానంగా టార్క్ పంచుతుంది కాబట్టి బలహీనుడు ఎంత మోయగలడో బలవంతుడికీ అంతే దక్కుతుంది. ఒక్క చక్రాన్నే ఊరికే తిరగనివ్వని లిమిటెడ్ స్లిప్ రకం వేస్తే తీరుతుంది. ప్లేట్ల రకమైతే దాని నూనె వేరే, మామూలు గేరాయిల్ పోస్తే యూటర్న్‌లో కటకటమంటుంది. స్టార్టింగులో కారంతా దడదడ ఎగిరితే మాత్రం వెంటనే కాలు తియ్యండి. టైరు పట్టి, వదిలి, మళ్లీ పట్టి డ్రైవ్‌షాఫ్ట్ విరిచేసే దడ అది. ఇంజను కింది మౌంటు, లోయర్ ఆర్ముల బుష్‌లు మార్చాలి. షోకు కోసం కారు కిందికి దించినవాళ్లు క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి ఎన్ని డిగ్రీలు వాలిందో కూడా కొలిపించుకోవాలి. మైనస్ ఒకటి, ఒకటిన్నర పర్లేదు. మైనస్ మూడు పెట్టి లోపలంచు దారాలు తేలేదాకా తిరిగితే మీరు నిమ్మకాయలు కూడా ఒకవైపే నలుగుతారు.

ఘాట్ రోడ్డులో ఇవన్నీ ఒకేసారి పరీక్షకొస్తాయి. టైరు పట్టు ఇద్దరన్నదమ్ముల ఉమ్మడి పొలం లాంటిది. స్టీరింగు ఎంత దున్నుకుంటే యాక్సిలేటర్‌కు అంత తక్కువ. హెయిర్‌పిన్‌లో స్టీరింగు పూర్తిగా తిప్పి కాలు నొక్కితే, బరువు తగ్గిన లోపలి చక్రం ఊరికే తిరిగి, ముక్కు గోడ వైపు పోతుంది. ముందు స్టీరింగు విప్పుకోవాలి, విప్పేకొద్దీ కాలు దించాలి. అయినా ఈ కొండ మీద తొందరేముంది? ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40. అంతకంటే ముందే చేరితే జరిమానా. నాలుగు వందల గుర్రాలూ పాత మారుతీ వెనకే, దాని పొగ పీలుస్తూ, గోవిందా అనుకుంటూ పోవాల్సిందే.

ఇంత చెప్పాక ఒక్క మాట ఒప్పుకోవాలి. మిమ్మల్ని తొక్కించే ఆ అర నిమిషం మాత్రం ప్రతి ఓనరూ గొప్ప డ్రైవరే. చెప్పులు విప్పేసి ఉంటాడు కాబట్టి పెడల్ పాదానికి తెలుస్తుంది. నానమ్మ పక్కన నిలబడి "మెల్లగా నాయనా, మెల్లగా" అంటుంటే, యాక్సిలేటర్ మీద పిల్లి కాలు పెట్టినట్టు పెడతాడు. టార్క్ చుక్కచుక్కగా వస్తుంది. ఏ చక్రమూ జారదు. మీరు చప్పుడు లేకుండా పగిలిపోతారు.

కాబట్టి వచ్చే శుక్రవారం పోయేముందు ఒక సాయం చెయ్యండి. నాలుగు పిప్పులూ ఒకేలా ఉంటే సరే. ఏదైనా లోపలి అంచుకే అంటుకుంటే, అలైన్‌మెంట్ షాపు పొద్దున తొమ్మిదికి తెరుస్తారని ఆ నానమ్మకు వినపడేలా చెప్పి పోండి. మా మాట వినడు గానీ, ఆమె మాట వింటాడు.

ఇట్లు,
నల్లగీతలు చూసి విసిగిన తిరుపతి మెకానిక్కులు