చెన్నపట్నం తెలుగు పలుకుబడి

వడపళనిలో ఒక చిన్న టిఫిన్ కొట్టు. సాయంత్రం ఆరున్నరకు పెసరట్టు పెనం మీదినుంచి దిగింది కానీ, దాన్ని తినవలసిన యువకుడు తినలేదు. సెల్‌ఫోను స్టాండును అటూ ఇటూ జరిపి, అల్లం పచ్చడి గిన్నెను వెలుతురులోకి నెట్టి, మొదటి ముక్క తుంచి, కళ్లు పెద్దవి చేసి ‘అద్భుతం’ అన్నాడు. శబ్దం సరిగా రాలేదని మళ్లీ తుంచాడు. మూడోసారికి అట్టు చల్లారి అంచులు వంగిపోయాయి, లోపలి ఉప్మా గట్టిపడింది. కొన్ని నెలల కిందట మా విలేకరి పక్క బల్ల దగ్గర కూర్చుని చూసిన దృశ్యమిది. ఆ వీడియో వెళ్లిన వారంలో కొట్టు ముందు వరుస కట్టారు. యజమాని పిండి రుబ్బడానికి మరో మనిషిని పెట్టుకున్నారు. నెల తిరిగేసరికి ఆ జనం ఇంకో వీడియోలో కనిపించిన ఇంకో కొట్టుకు తరలిపోయారు. ఆ రద్దీలో చోటు దొరక్క వెనుదిరిగిన పాత వాడుకరులు కొందరు ఇప్పటికీ రావడం లేదని ఆయన మా విలేకరితో బాధపడ్డారు.

నలుగురి కంటా పడాలనుకోవడం తప్పేమీ కాదు. టైలరు, సంగీతం టీచరు, కొత్తగా ప్రాక్టీసు పెట్టిన డాక్టరు, మొదటి కథ రాసిన కుర్రవాడు, కార్పొరేషన్ ఎన్నికల్లో నిలబడదలచిన కార్యకర్త, వీరెవరికైనా తాము ఉన్నామని పదిమందికీ తెలియడం అవసరమే. ఒకప్పుడు అందుకు పత్రికల వారినో, సభలు జరిపించే పెద్దలనో, సినిమావారినో ఆశ్రయించవలసి వచ్చేది. ఇప్పుడు చేతిలో ఫోను ఉంటే చాలు. ఈ మార్పును మేము మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తున్నాము. అయితే కంటపడటంతోనే మాటకు విలువ వచ్చేస్తుందన్న భ్రమ, ముఖ్యంగా మన యువతీయువకులలో, వేళ్లూనుకుంటున్నది. మాటకు ఉండే విలువను మన భాష పలుకుబడి అన్నది. మాట్లాడే తీరుకూ, జాతీయానికీ కూడా అదే పేరు. ఆ విలువకే ఉన్న మరో పేరు పరపతి. అప్పు పుట్టించే నమ్మకానికీ అదే మాట, అందుకే పరపతి సంఘాలు ఉన్నాయి. వినేవారు ఇచ్చే నమ్మకం ఒక అప్పు అనీ, దానికి లెక్క చెప్పవలసి ఉంటుందనీ మన పెద్దలు ఏనాడో గ్రహించారు. సోషల్ మీడియాలో పలుకుబడి కోరుకునే ప్రతి ఒక్కరూ ముందుగా తలచుకోవలసింది ఈ అప్పునే.

ఈ నగరంలో తెలుగువారికి ఇది కొత్త పాఠం కాదు. 1893లో అమృతాంజనం మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు, 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో మద్రాసుకు తెచ్చి దినపత్రిక చేశారు. తలనొప్పి మందు అమ్మిన సొమ్ముతో పత్రిక నడిచింది. ఆ సంగతి దాచలేదు, పాఠకులందరికీ తెలుసు. అమృతాంజనం ప్రకటన ప్రకటనగానే కనిపించేది, జాతీయోద్యమ వార్త వార్తగానే కనిపించేది. పసుపురంగు సీసాతో ఇంటింటా తెలిసిన మనిషి, ఆ ఎరుకను పత్రికకూ, 1924లో వచ్చిన భారతి మాసపత్రికకూ, తెలుగు పుస్తకాలకూ వెచ్చించి పలుకుబడిగా మార్చుకున్నారు. అందుకు ఆయనకు దశాబ్దాలు పట్టింది.

తెలుగు బ్లాగుల తొలినాళ్లలోనూ ఇలాంటి ఓపికే కనిపించింది. ఇరవై ఏళ్ల కిందట, కంప్యూటరులో తెలుగు టైపు చేయడమే గగనంగా ఉన్న రోజుల్లో, లేఖిని వంటి పరికరాల సాయంతో వందలమంది రాయడం మొదలుపెట్టారు. కూడలి, జల్లెడ, మాలిక వంటి సంకలినులు వారి టపాలను, అంటే బ్లాగు రచనలను, ఒకచోటికి చేర్చేవి. ఒక టపాకు ఇరవై వ్యాఖ్యలు వస్తే అది పండుగ. ఆ వ్యాఖ్యల్లో ఒకరు ఛందోదోషం చూపితే, మరొకరు తమ ఊరి మాటకు అర్థం చెప్పేవారు. తరవాత జనం ఫేస్‌బుక్కుకు తరలిపోయారు, బ్లాగులు వెలవెలబోయాయి. కానీ ఒక్కటి గమనించాలి. పదిహేనేళ్ల కిందట ఎవరో బ్లాగులో రాసిన ఊరగాయ కొలతలు ఈనాటికీ వెతికితే దొరుకుతాయి. గత వారం ఫేస్‌బుక్కులో చదివి మెచ్చుకున్న మంచి వ్యాసం ఈ రోజు వెతికితే కనబడదు.

అడిగి తెచ్చుకోని పలుకుబడి ఎలా ఉంటుందో చెన్నై 2015లో కళ్లారా చూసింది. ఆ డిసెంబరు 1న కురిసిన వానకు, చెంబరంబాక్కం చెరువు నీటి విడుదలకు అడయారు నది పొంగి ఊరు మునిగింది. 1878లో మొదలైన ‘ది హిందూ’ చెన్నై సంచిక మర్నాడు అచ్చు కాలేదు. సిబ్బంది మరైమలై నగర్‌లోని ముద్రణాలయానికి చేరుకోలేకపోయారు. అచ్చుపత్రిక చేతులు కట్టుబడిపోయిన ఆ రోజున ట్విటర్‌లోనూ వాట్సాప్‌లోనూ ఎవరింట చోటు ఉందో, ఎక్కడికి పడవ కావాలో, ఏ వీధిలో పాలపొడి దొరుకుతున్నదో పట్టికలు కట్టి, ఫోను చేసి నిజమో కాదో తేల్చుకుని, పని అయిపోయిన వరుసలను కొట్టివేస్తూ కూర్చున్నవారు వందలమంది. వారిలో చాలామంది పేర్లు ఎవరికీ తెలియవు. అదే రోజుల్లో మొసళ్ల కేంద్రం నుంచి మొసళ్లు తప్పించుకున్నాయనీ, ముందు ముందు కనీవినీ ఎరుగని వాన పడుతుందని నాసా హెచ్చరించిందనీ ఫార్వర్డులు తిరిగాయి. రెండూ అబద్ధాలే. మొదటివారి పట్టిక కంటే మొసలి కబురే ఎక్కువ వేగంగా ఊరు చుట్టిందని ఆ రోజులు చూసినవారు ఎవరైనా చెబుతారు. కానీ మరుసటి ఏడాది వర్దా తుపాను వచ్చినప్పుడు జనం వెతుక్కున్నది మొసలి కబురు పంపినవారిని కాదు. వాతావరణ శాస్త్రం వృత్తి కాకపోయినా ఏళ్ల తరబడి వాన కొలతలు రాసుకుంటూ బ్లాగు నడిపి, ‘తమిళనాడు వెదర్‌మ్యాన్’ పేరుతో ఫేస్‌బుక్కులో రాస్తున్న ప్రదీప్ జాన్‌ను. ఎవరూ చదవని రోజుల్లోనూ ఆయన మేఘాల గురించి రాశారు, అందరూ చదివే రోజుల్లోనూ మేఘాల గురించే రాస్తున్నారు. అందుకే ఈశాన్య రుతుపవనాల వేళ రేపు బడి ఉంటుందా అని పిల్లలు సైతం ఆయన పేజీ తిరగేస్తారు.

దీనికి భిన్నంగా నేడు మాట తీరును అంకెలు శాసిస్తున్నాయి. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం కావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ, లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ ఉండాలి. ఆ గీత దాటడానికి ఎవరి ఇంటి గొడవనో థంబ్‌నెయిల్ మీదికి ఎక్కించడం, బతికున్న నటుడికి శ్రద్ధాంజలి ఘటించడం తెలుగు చానళ్లలో మామూలైపోయింది. ఇది క్షమించరాని నేరమని మేము భావిస్తున్నాము. ఒక కుటుంబం అరగంటసేపు పడే నరకాన్ని ఏ వ్యూస్ లెక్కా సమర్థించలేదు.

డబ్బు విషయం మరింత స్పష్టంగా మాట్లాడుకోవాలి. ఉచితంగా వచ్చిన చీర, రాయితీ మీద చేయించుకున్న పళ్ల వైద్యం, హోటలువారు ఇచ్చిన గది, ఇవన్నీ ప్రతిఫలాలే. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ సంబంధాన్ని సులభమైన మాటల్లో, తప్పించుకోలేనంత స్పష్టంగా చెప్పాలంటున్నాయి. వీడియో అయితే కింది వివరణలో ఎక్కడో ఇరికిస్తే చాలదు, తెర మీదా కనిపించాలి, నోటితోనూ చెప్పాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రచారానికి మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా పడవచ్చు. అలాంటి ప్రచారం చేసినవారిని ఏడాదిపాటు, మళ్లీ చేస్తే మూడేళ్లపాటు ప్రచారాలకు దూరంగా ఉంచవచ్చు. షేర్ల పాఠాలు చెప్పేవారు గత మూడు నెలల ధరలను వాడరాదని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2025 జనవరిలో ఆంక్ష పెట్టింది. చట్టం ఇంత చెబుతున్నా, మన తెలుగు వీడియోల్లో ‘ఇది డబ్బు తీసుకుని చెబుతున్న మాట’ అని తెలుగులో చెప్పేవారు అరుదు. చెబితే వ్యూస్ తగ్గుతాయని భయపడుతున్నారు. ఇంట్లో కూర్చుని ఆ మాట నమ్మి మందు కొనుక్కునే పెద్దావిడకు ఆ భయంతో పని లేదు; ఆమె ఇచ్చిన నమ్మకం ఆమె చేతి సొమ్ము లాంటిదే.

సోషల్ మీడియా అద్దె ఇల్లన్న సంగతి కూడా మరువరాదు. 2020 జూన్ 29న కేంద్రం 59 యాప్‌లను నిషేధించినప్పుడు టిక్‌టాక్ వెళ్లిపోయింది. ఏళ్లు కష్టపడి లక్షలమంది అభిమానులను సంపాదించుకున్నవారు మర్నాడు లేచేసరికి వీధిలో ఉన్నారు. అంతకు ముందు ఆర్కుట్ 2014లో తలుపులు మూసింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ ఏవైనా ఇంటివారు మరొకరు. ఎప్పుడు ఎవరికి ఏం చూపాలో వారే నిర్ణయిస్తారు. కాబట్టి అక్కడ ఎంత రాసినా, ఎంత మాట్లాడినా, దాని నకలు సొంత పేరుతో ఉన్న ఒక బ్లాగులోనో వెబ్‌సైట్‌లోనో భద్రపరచుకోవడం కనీస జాగ్రత్త. దీనికయ్యే ఖర్చు ఏడాదికి ఒక జత చెప్పుల ధర దాటదు.

ఇక చెన్నై తెలుగువారి ప్రత్యేకమైన మాట ఒకటి. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన మన పిల్లలలో ఎక్కువమంది తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తరవాత మైనారిటీ భాషల బడులు మినహాయింపుల కోసం న్యాయస్థానాల గడప తొక్కవలసి వచ్చింది. తెలుగు చదివే పిల్లలు ఏటికేడు తగ్గుతున్నారు. ఇలాంటి తరానికి వీడియో, పాడ్‌కాస్ట్ దేవుడిచ్చిన వరం. ఐతే కెమెరా ముందుకు రాగానే వారు తమ నాలుకను దాచుకుంటున్నారు. ఇంట్లో కుళంబు, పొరియల్ అంటూనే పులుసూ వేపుడూ వండుకునే పిల్ల, రీల్‌లో మాత్రం హైదరాబాదు టీవీ యాంకరులా మాట్లాడటానికి తంటాలు పడుతున్నది. ఆ అనుకరణ హైదరాబాదులో అంతకంటే బాగా చేసేవారు వేలల్లో ఉన్నారు. పెరంబూరులో, తిరువొత్తియూరులో, శౌకారుపేటలో నాలుగు తరాలుగా నిలిచిన తెలుగును వినిపించగలవారు మాత్రం మనమే. నవ్వుతారన్న జంకు వదిలి ఆ పలుకుబడితోనే మాట్లాడితే, వినేవారు వెతుక్కుంటూ వస్తారని మా నమ్మకం.

చెప్పడానికి విషయాలకు కొదవ లేదు. 1639 ఆగస్టు 22 నాటి దానపత్రంతో ఇంగ్లీషువారికి ఈ తీరభూమి ఇచ్చిన దామెర్ల వెంకటాద్రి నాయకుడి తండ్రి చెన్నప్ప పేరే చెన్నపట్నానికి వచ్చింది. వావిళ్ల రామస్వామిశాస్త్రులు 1854లో పెట్టిన అచ్చుకూటం నుంచి తరాల తెలుగు చదువు వెలువడింది. రోజూ లక్షలమంది తిరిగే త్యాగరాయనగర్ పేరు పిట్టి త్యాగరాయ చెట్టిది, దాని నడుమనున్న పానగల్ పార్కు పేరు పానగల్ రాజా పానుగంటి రామారాయణింగారిది. పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచింది ఈ ఊళ్లోనే. 2004 నుంచి ఏటా ఆగస్టు 22న జరిగే మద్రాసు దినోత్సవ వేళ ఇంగ్లీషులో, తమిళంలో నడకలు, ఉపన్యాసాలు, టపాలు వెల్లువెత్తుతాయి. తెలుగులో వచ్చేవాటిని మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టుకోవలసి వస్తున్నది.

వచ్చే ఆగస్టు 22 లోపల తమ వీధి గురించి, తమ బడి గురించి, తాతముత్తాతలు ఈ ఊరికి వచ్చిన తీరు గురించి ఎవరు తెలుగులో రాసినా, చెప్పి రికార్డు చేసినా, మాకు పంపవలసిందిగా కోరుతున్నాము. చదవడం రానివారు గొంతుతో పంపితే మేము రాసుకుంటాము. వివరాలు సరిచూసిన తరవాత రచయిత పేరుతో, వారి బ్లాగు లేదా చానల్ చిరునామాతో సహా, ఎవరి నుంచీ పైసా పుచ్చుకోకుండా ఇదే పేజీకి ఎదురుగా అచ్చు వేస్తాము.