ఒక్క సర్వరు, నాలుగు విజయాలు

ప్రభుత్వ ఉపాధి కార్యాలయాల నివేదికల్లో నాకు బాగా నచ్చిన మాట 'ప్లేస్‌మెంట్'. మనిషి హోటల్లో చేరిన రోజు ఒక టిక్కు పడుతుంది. మానేసిన రోజుకి గడి ఉండదు. అపశకునం కాబోలు.

ఒక సర్వరును తీసుకోండి. సీజన్ మొదట్లో ఓ హోటల్‌కి పంపారు. ఒకటి. సీజన్ అయిపోగానే ఓనరు దండం పెట్టి పంపేశాడు. రెండో హోటల్లో పొద్దున షిఫ్టు, రాత్రి షిఫ్టు, మధ్యలో నాలుగు గంటలు జీతం లేని ఖాళీ. ఇంటికెళ్లలేడు, పడుకోలేడు. నెల తిరక్కుండా పారిపోయాడు. మూడోచోట మూడు రోజులు ట్రయల్ పేరుతో ఊరికే చేయించుకుని 'నీకు చురుకు చాలదు' అన్నారు. నాలుగోది అగ్నిప్రమాదం వల్ల మూతపడింది, అందులో మనవాడి తప్పు లేదు. ఏడాది చివర అతని చేతిలో ఉద్యోగం లేదు, ఆఫీసు లెక్కలో మాత్రం నాలుగు విజయాలు! ఒకేచోట ఇరవై ఏళ్లు పనిచేసే మొండివాడు ఈ శాఖకి పట్టిన శని.

మొత్తం ఖర్చును ఈ టిక్కులతో భాగిస్తే ఒక్కో ఉద్యోగం కారుచౌక. ఏడాది నిలబడ్డ ఉద్యోగాలతో భాగిస్తే? వద్దులెండి, పెద్దవాళ్లకి టెన్షన్. పైగా వంటమాస్టరు నోటిమాట మీద ఎలాగూ దొరికే పనిని కూడా తమ ఖాతాలోనే వేసుకుంటారు. నా కోడీ కుంపటీ లేకపోతే తెల్లారదన్నట్టు.

ఉచిత ప్రభుత్వ ఉపాధి కార్యాలయాలు పెట్టమని అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం చేసింది 1919లో. అదే సంస్థ 1991లో, 172వ ఒప్పందంలో, హోటల్, రెస్టారెంట్ ఉద్యోగాల్ని కొనడం, అమ్మడం నిషేధించాలని రాయాల్సి వచ్చింది. మధ్యలో 72 ఏళ్లు. ఉచితంగా ఇచ్చేచోట పని దొరికితే ఎవడైనా ఏజెంటుకి డబ్బు కడతాడా? రోజంతా నిలబడి మోకాళ్లు అరగదీసుకునే మనిషికి ఆర్నెల్ల తర్వాత ఒక్క ఫోన్ చేసి, 'జీతం ఇస్తున్నారా, అక్కడే ఉన్నావా' అని అడగడానికి మీకేం రోగం? టిక్కు పెట్టడానికి మాత్రం చేతులొస్తాయి!

మన సర్వరు ఐదోసారి వచ్చాడు. 'పాత కస్టమరే' అని క్లర్కు నవ్వుతూ ఫారం ఇచ్చాడు. అందులో 'మా సేవలతో తృప్తి చెందారా' అని ఒక గడి. అతను పెన్ను తీసేసరికి భోజన విరామమని కౌంటరు మూసేశారు.