టీఎన్ఎఫ్‌ను విలన్ అనేముందు

రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడిచేసే జబ్బు) మీద మీరు రాసిన వ్యాసం బాగుంది. కానీ అందులో టీఎన్ఎఫ్ ఆల్ఫాను (రక్షణ కణాలు వదిలే, వాపు పుట్టించే ప్రోటీన్; పొట్టిగా టీఎన్ఎఫ్) 'ఆపేయాల్సిన చెడ్డ ప్రోటీన్' అన్నచోట మనసు ఒప్పుకోలేదు. నేను 6 ఏళ్లుగా టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే అడాలిముమాబ్ ఇంజెక్షన్ తీసుకుంటున్నాను. పొద్దున్నే గంటసేపు వేళ్లు ముడుచుకోని రోజుల నుంచి నన్ను బయటపడేసింది అదే. అయినా టీఎన్ఎఫ్ చేసే మేలు గురించీ చెప్పాలి.

క్షయ క్రిములు ఊపిరితిత్తుల్లో చేరితే, వాటి చుట్టూ రక్షణ కణాలు గోడలా పేరుకుంటాయి. దాన్ని గ్రాన్యులోమా అంటారు. ఆ గోడను చెక్కుచెదరకుండా నిలబెట్టే వాటిలో ముఖ్యమైనది టీఎన్ఎఫ్. మందుతో దాన్ని అడ్డుకుంటే గోడ సడలి, ఏళ్లుగా అణగి ఉన్న క్షయ మళ్లీ లేవొచ్చు. టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే ఇలాంటి మరో మందు ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కు అమెరికాలో 1998లో అనుమతి వస్తే, 2001 కల్లా ఈ ప్రమాదం వైద్య పత్రికలకెక్కింది. అందుకే మందు మొదలుపెట్టకముందే క్షయ, హెపటైటిస్ బి పరీక్షలు చేస్తారు. ఇంత ముఖ్యమైన సంగతి వ్యాసంలో ఒక్క ముక్కయినా లేకపోవడం బాధనిపించింది.

ఇంకొకటి. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో (రక్షణ వ్యవస్థ మెదడు, వెన్నుపాము నరాల పైపొరను దెబ్బతీసే జబ్బు) టీఎన్ఎఫ్‌ను అడ్డుకుని చూస్తే జబ్బు తగ్గకపోగా ఎక్కువైంది. ఆ జబ్బున్నవాళ్లకు సాధారణంగా ఈ మందులు ఇవ్వరు. దయచేసి ఈ రెండు విషయాలూ వ్యాసంలో చేర్చండి. చదివి రేపే డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లుంటారు.