పండుకా, కలపకా? పనస నాటేముందే తేల్చుకోవాలి

పనస మొక్క పంచేవారైనా, కొనేవారైనా ముందు అడగవలసింది ఒకటే: ఇది గింజ మొక్కా, అంటు మొక్కా? పనసలో ఒక చెట్టు పుప్పొడి మరో చెట్టు పూతకు చేరి కాయ కడుతుంది. అందుకే ఒకే పండులోని పది గింజలు నాటితే పది తీరుల చెట్లు రావచ్చు. తల్లి చెట్టు తొన గట్టిగా, తీయగా ఉందని గింజ నాటుకున్న వారికి నోట్లో జారిపోయే మెత్తని తొన దక్కవచ్చు. ఆ సంగతి బయటపడటానికి ఆరు నుంచి ఎనిమిదేళ్లు పడుతుంది. అంటు మొక్క మూడు నాలుగేళ్లకే కాపుకొస్తుంది, తల్లి గుణమే చూపుతుంది. పండు అమ్ముకోదలచిన వారి చేతిలో గింజ మొక్క పెట్టడం వారి కాలాన్ని వృథా చేయడమేనని మా అభిప్రాయం.

అలాగని గింజ మొక్క పనికిరానిదేమీ కాదు. నిటారుగా, ఎత్తుగా సాగే మాను కావాలంటే అదే మేలు. పనస చేవకు చెదలు అంత సులువుగా పట్టవు. వీణ, మృదంగం చేసేవారు ఏరికోరి తీసుకునేదీ ఈ కర్రనే. ఆ చేవ రంపపు పొట్టును ఉడికించి తీసిన పసుపు రంగుతోనే బౌద్ధ భిక్షువుల వస్త్రాలకు అద్దకం వేసేవారు. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో శ్రీలంకలో ఆర్థర్ వి. డయాస్ అనే తోటల యజమాని, దాత ఊరూరా పనస నాటించింది జనం ఆకలి తీరడానికి. అక్కడి వారు ఆయనను ‘పనస మామ’ అని పిలుచుకున్నారు. లక్ష్యం అదైనప్పుడు తొన గట్టిదా, మెత్తనిదా అన్న పట్టింపు ఉండదు.

గింజ నాటినా దానికో పద్ధతి ఉంది. పనస గింజ ఎండితే చచ్చిపోతుంది. మిగతా విత్తనాల్లా ఎండబెట్టి డబ్బాలో దాస్తే నెల తిరిగేసరికి మొలక రాదు. పండు కోసిన రోజుల్లోనే గింజ మీది జిగురు పొర కడిగి, ఒక రోజు నీళ్లలో నానబెట్టి, 2–3 సెంటీమీటర్ల లోతున అడ్డంగా పడుకోబెట్టాలి. మొక్క పెంచే సంచి లోతైనదే వాడాలి. తల్లివేరు అడుగున చుట్ట చుట్టుకున్న మొక్క నేలలోకి వెళ్లాక సరిగా నిలదొక్కుకోదు.

అంటు కట్టడానికి గింజ మొలక కాండం, దానికి అతికించేందుకు తల్లి చెట్టు నుంచి తెచ్చే పుల్ల ఒకే మందాన ఉండాలి. పుల్ల కోయబోయే కొమ్మకు పది రోజుల ముందే ఆకులు తుంచేస్తే మొగ్గలు ఉబ్బుతాయి. పనస పాలు కోత మీద పేరుకుంటే అతుకు పడదు కాబట్టి తుడిచి, ఆలస్యం లేకుండా పాలిథిన్ పట్టీతో బిగించాలి. ఆ తర్వాత అతుకు కింద నుంచి వచ్చే చిగుళ్లను తుంచుతూనే ఉండాలి. వదిలేస్తే అవే పైకెదిగి అంటును అణచివేస్తాయి. అంటు పేరుతో కొన్నది చివరికి గింజ మొక్కే అవుతుంది.

తోటలో 10 మీటర్ల ఎడంతో హెక్టారుకు 100 చెట్లు పడతాయి. నీరు నిలిచే చోట మాత్రం ఎంత మంచి అంటైనా బతకదు. పల్లపు నేల తప్పనప్పుడు మట్టి ఎత్తు పోసి నాటాలి.

కాపు మొదలయ్యాక ఎక్కువ మందిని కంగారు పెట్టేది రాలిపోయే ‘పిందెలు’. వాటిలో చాలావరకు పిందెలు కావు, మగ పూత కంకులు. సన్నని తొడిమతో వచ్చి, పుప్పొడి రాల్చి, నల్లబడి పడిపోవడం వాటి సహజ గుణం. లేత చెట్టుకు మొదట్లో అవే కనిపించినా దిగులు అక్కర్లేదు. ఆడ పూత తొడిమ లావుగా ఉంటుంది, ఎక్కువగా మాను మీద, పెద్ద కొమ్మల మీద వస్తుంది. అయితే రాలిన మగ కంకుల మీద పెరిగే రైజోపస్ బూజే లేత కాయలకూ అంటి కుళ్లబెడుతుంది. వాటిని ఏరి పాతిపెట్టకుండా మందు ఎంత చల్లినా ఫలితం అంతంతే. కాయలు ఒకదానికొకటి ఆనుకున్న చోటే తొలుచు పురుగు చేరుతుంది, తడి నిలిచి కుళ్లు పడుతుంది. గుత్తిలో వంకర కాయలను లేతగానే కోసి కూరకు వాడుకుంటే మిగిలినవి బాగా ఊరతాయి.

ముదిరిన కాయను తట్టితే బోలు శబ్దం వస్తుంది, ముళ్లు ఎడమై చదునవుతాయి, తొడిమ దగ్గరి ఆకు పసుపెక్కుతుంది. తాడు కట్టి దించాలి. కింద పడేస్తే దెబ్బ తగిలిన చోట లోపలి తొనలు నల్లబడతాయి. తొడిమ కొంత ఉంచి కోసి, పాలు కారనివ్వాలి.

ఇంత శ్రమా ఫలించేది మొక్క సరైనదైనప్పుడే. అంటు అమ్మే ప్రతి నర్సరీ మొక్కకో చీటీ కట్టాలి: తల్లి చెట్టు ఎక్కడిది, తొన గట్టిదా మెత్తనిదా, అంటు కట్టిన తేదీ. కొనేవారు ఆ చీటీతో సరిపెట్టుకోకుండా అతుకు మచ్చను, దానిపైన కొత్త చిగురును కళ్లారా చూశాకే డబ్బు చెల్లించాలి.